ఆ కొండమీద ఇద్దరు ముఖ్యమంత్రులు!

రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు, రెండు బళ్లు... వింటే 'ఎంత అదృష్టమో' అనిపిస్తుంది. ఆంధ్రా ఒడిశా సరిహద్దులో, తూర్పు కనుమల నడినెత్తిన ఉన్న కొటియా పల్లెల సంగతి ఇది. అన్నీ రెండేసి ఉన్న ఆ ఊళ్లలో, ఇది నాదీ అని ధీమాగా చూపించుకునే కాగితం మాత్రం ఒక్కటీ కరవే!

2024 మే 13. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకీ ఒకేసారి పోలింగ్. పక్కనే ఒడిశాలోని కొరాపుట్‌లో కూడా సరిగ్గా అదే రోజు పోలింగ్. మామూలు ఊళ్లకు దీంతో పనేమీ లేదు. కొటియా పల్లెల్లో మాత్రం ఆ రోజు రెండు వరసలు. ఓ వరసలో నిలబడితే సాలూరు ఎమ్మెల్యేకీ, అరకు ఎంపీకీ ఓటు. ఇంకో వరసలో నిలబడితే పొట్టంగి ఎమ్మెల్యేకీ, కొరాపుట్ ఎంపీకీ ఓటు. ఒకే మనిషి, ఒకే రోజు, నాలుగు ఓట్లు! 2019 ఏప్రిల్ 11న కూడా ఇదే తంతు. అప్పుడూ రెండుచోట్లా ఒకే రోజు పోలింగ్ పడింది.

ఒక మనిషి పేరు ఒక్క నియోజకవర్గం జాబితాలోనే ఉండాలని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. మరి వీళ్లది తప్పా? పేరు రాసుకెళ్లింది రెండు ప్రభుత్వాలూ. కార్డులు చేతికిచ్చిందీ ఆ రెండు ప్రభుత్వాలే. ఇక తప్పు ఓటరు మీద వేయడానికి నోరెలా వస్తుంది?

అన్నట్టు, ఆ ఎన్నికల్లో గెలిచిన ఇద్దరు ముఖ్యమంత్రులూ ప్రమాణం చేసింది కూడా ఒకే రోజున. 2024 జూన్ 12న చంద్రబాబు నాయుడు ఇక్కడ, మోహన్ చరణ్ మాఝీ అక్కడ. కొటియాకు ఒక్కరోజే ఇద్దరు ముఖ్యమంత్రులు వచ్చారన్నమాట.

గీత గీయడం మరచిపోయారు

సాలూరు అనగానే మనకు లారీలు గుర్తొస్తాయి. ఆ లారీలు రాయపుర్ వైపు వెళ్లే జాతీయ రహదారి మీద సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి దాటి కొరాపుట్ చేరతాయి. ఆ దారికి ఓ పక్కన, కొండల లోపలికి వెళితే ఈ పల్లెలు. ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం దేవమాలి (1,672 మీటర్లు) ఈ కొండల వరసలోదే. చలికాలం వచ్చిందంటే పొద్దెక్కినా మంచు విడవదు. మొత్తం 21 ఊళ్ల మీద తగవు. ఆంధ్రా లెక్కల్లో ఇవి పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు మండలంలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌కు ముందైతే విజయనగరం జిల్లా. ఒడిశా లెక్కల్లో కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకు, కొటియా పంచాయతీ.

పేర్లు కూడా రెండేసి. అక్కడ గంజెయిపదర్ అంటే ఇక్కడ గంజాయిభద్ర. ఫతుసినేరి మనకు పట్టుచెన్నేరు. ఫగునసినేరి... పగులుచెన్నేరు. అక్కడి 'పదర్' మన నోళ్లలో పడి 'భద్ర' అయిపోయింది. పక్కనే నేరెళ్లవలస లాంటి అచ్చ తెలుగు పేర్లు. ఊళ్ల పేర్లు వింటే రెండు భాషల వాళ్లూ ఇక్కడ ఏనాటి నుంచో తిరుగుతున్నారని తెలిసిపోతుంది. అప్పట్లో ఎవరికీ పేచీ లేదు. ఎందుకంటే, అప్పుడు రెండూ ఒకే జిల్లా!

నిజం. జయపురం జమీ ఒకనాడు మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలో భాగం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ జమీని తీసి అటు కలిపారు. సాలూరు ఇటు ఉండిపోయింది. రెంటి నడుమ కొండలపై ఉన్న ఈ పల్లెలు ఎటు అన్నది మాత్రం తేల్చకుండా వదిలేశారు. దారీతెన్నూ లేని అడవి, పన్ను వచ్చేదీ అంతంతే. తీరిగ్గా చూసుకోవచ్చు అనుకున్నారేమో! 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, ఆస్తితోపాటు అప్పు వచ్చినట్టు ఈ తగవూ మద్రాసు నుంచి మనకు వచ్చింది.

1968లో ఒరిస్సా ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఉన్నది ఉన్నట్టు ఉంచమని కోర్టు ఆ ఏడాదే చెప్పింది. 'స్టేటస్ కో' అన్న ఇంగ్లిషు మాట ఈ కొండల్లో పాతుకుపోయింది అప్పుడే. కేసు నడిచీ నడిచీ 2006లో తేలింది. ఏమని? రాజ్యాంగం రాకముందు నాటి ఉత్తర్వుల మీద వచ్చిన వివాదం కాబట్టి 131వ అధికరణం కింద విచారించే వీలు లేదని! ముప్ఫై ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన జవాబు అది. కేసు వేసిననాడు పుట్టిన బిడ్డ అప్పటికి పిల్లల పెళ్లిళ్ల గురించి ఆలోచించే వయసుకొచ్చింది.

చోడి అంబలి, వలిసె పూలు

సరిహద్దు సంగతి కాసేపు పక్కన పెడదాం. అక్కడ బతుకు ఎలా ఉంటుంది?

మన్యంలో మిగతాచోట్ల ఎలాగో ఇక్కడా అలాగే. కొండవాలులో చోళ్లు, సామలు, కందులు. మైదానంలో రాగులనేవే ఇక్కడ చోళ్లు. పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికి పోతే మళ్లీ సాయంత్రానికే ఇల్లు. వానలు వెనకబట్టాక వలిసెలు పూస్తాయి. కొండంతా పసుపు ఆరబోసినట్టు ఉంటుంది. ఆ పూలను చూడటానికి పట్నాల నుంచి కార్లేసుకుని వెళుతుంటారు కానీ, ఇక్కడి వాళ్లకది గింజ ఆడితే వచ్చే నూనె, సంతలో అమ్మితే వచ్చే డబ్బు. అల్లం, పసుపు, చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు... ఇవన్నీ కాలాన్ని బట్టి మోపుకట్టి సంతకు తీసుకెళ్తారు. తిరిగొచ్చేటప్పుడు ఉప్పు, ఎండుచేపలు, బట్టలు. అమ్మేచోట కూడా రెండు దారులున్నాయి. ఇటు మన గిరిజన సహకార సంస్థ, అటు ఒడిశా గిరిజన సహకార సంస్థ. మధ్యలో షావుకారు ఎలాగూ ఉంటాడు. అతడికి ఏ రాష్ట్రమైనా ఒకటే.

ఎండలు ముదిరి, గింజలు నిండుకున్నాకే కష్టం. ఈ కొండల్లో ఎన్నో తరాలు మామిడి టెంకలు ఎండబెట్టి, పిండి చేసి, అంబలి కాచుకుని వానాకాలం గట్టెక్కాయి. ఆ పూట ఇప్పుడు రాకుండా చూస్తున్నది రేషన్ బియ్యమే. రెండు కార్డుల గురించి వెటకారంగా మాట్లాడేవాళ్లు ఈ మాట కూడా గుర్తుంచుకోవాలి.

ఇళ్లలో వినిపించే భాష తెలుగూ కాదు, ఒడియా కూడా కాదు. ఎక్కువమంది మాట్లాడేది కువి. కోదు గిరిజనుల భాష. సంతలో మాత్రం దేశియా అనే ఒడియా యాస, సాలూరు వస్తే తెలుగు. తమాషా ఏంటంటే, భాషాశాస్త్రం లెక్కలో కువికి దగ్గరి చుట్టం తెలుగే. గోండీ, కూయి, కువి, తెలుగు... అన్నీ ద్రావిడ భాషల్లో ఒకే కొమ్మవి. ఇంటిని వాళ్లూ దాదాపు 'ఇల్లు' అనే అంటారు. అయితే ఈ చుట్టరికాన్ని పట్టుకుని 'చూశారా, వాళ్లు మనవాళ్లే' అని జబ్బలు చరుచుకోనక్కర్లేదు. సొంత లిపి లేని ఆ భాషను మన బడి పుస్తకాల్లో తెలుగు అక్షరాలతో రాస్తే, అటు ఒడియా అక్షరాలతో రాస్తారు. తమ మాట తాము చదువుకోవడానికి కూడా ఆ పిల్లలు ముందు ఏదో ఒక రాష్ట్రం వైపు నడవాల్సిందే.

పోటీ పడి పెట్టిన భోజనం

చాలా ఏళ్లు ఈ ఊళ్లను ఎవరూ పట్టించుకోలేదు. రోడ్డు వేస్తే స్టేటస్ కో అడ్డం. వేయకపోతే అడిగే దిక్కు లేదు. అలాంటిది, గత పదేళ్లలో కథ మారింది. 2018లో ఒడిశా ప్రభుత్వం కొటియాకు రూ.150 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. రోడ్లు, బళ్లు, ఆసుపత్రి, పోలీస్ స్టేషన్... ఒక్కొక్కటీ వచ్చాయి. ఇటు నుంచి పింఛన్లు, రేషన్, ఐటీడీఏ పథకాలు. 2024 జులై నుంచి ఆంధ్రాలో వృద్ధాప్య పింఛను రూ.4,000. ఒడిశాలో అదే ఏడాది రూ.1,000కు పెంచారు. ఏ అవ్వయినా ఇటే మొగ్గుతుందనుకుంటాం. కానీ, ఊళ్లోకి రోడ్డు వచ్చింది అటు నుంచైతే? జ్వరమొస్తే దగ్గరి డాక్టరు అటు ఉంటే? మనసు రెండుగా చీలక ఏమవుతుంది!

డాక్టరు మాట వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. రోడ్డు వచ్చిన ఊళ్లు వేరు, రోడ్డుకు ఎడంగా కొండ చరియల్లో ఉన్న గూడేలు వేరు. అలాంటిచోట్ల నొప్పులు మొదలైన ఆడమనిషికి ఇప్పటికీ డోలీయే దిక్కు. పొడవాటి కర్రకు దుప్పటో బుట్టో కట్టి, భుజాలు మార్చుకుంటూ మోస్తారు. 2018లో ఈ సాలూరు మండలంలోని కొండ గూడెం నుంచే ఓ నిండు గర్భిణిని అలా మోసుకొస్తుంటే దారిలోనే ప్రసవమైంది. వెంట ఉన్న కుర్రాడు సెల్‌ఫోన్లో తీసిన వీడియోను దేశమంతా చూసింది. అది తగవులో ఉన్న ఊరు కాదు. ఏ పేచీ లేని, పూర్తిగా మనదైన ఊరు! కాబట్టి కొటియా ఎవరికి దక్కాలి అని వాదించే ముందు, మనకు దక్కిన కొండలను ఎలా చూసుకుంటున్నామన్న ప్రశ్నకు కూడా జవాబు వెతుక్కోవాలి.

మలేరియాకు మాత్రం సరిహద్దు తెలీదు. కొరాపుట్ ప్రాంతంలో అది ఏనాటి నుంచో ఉన్న పీడ. 2017లో ఒడిశా ప్రభుత్వం మారుమూల ఊళ్లలో జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ రక్తపరీక్ష చేసి మందులివ్వడం మొదలుపెట్టింది. ఒకవైపు మందు చల్లి, గట్టు దాటి రెండోవైపు వదిలేస్తే లాభం ఉండదు. ఇద్దరూ కలిసి చేయాల్సిన పని ఇదే!

కలిసి చేసే పనులు అటుంచి, ఎదురుపడితే గొడవలే ఎక్కువ. 2021 ఫిబ్రవరిలో గంజాయిభద్ర, పట్టుచెన్నేరు, పగులుచెన్నేరు పంచాయతీలకు ఆంధ్రా ఎన్నికలు పెడితే, ఒడిశా కోర్టు ధిక్కారం కింద సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఆ ఏప్రిల్‌లో పరిషత్ ఎన్నికలప్పుడు ఓటర్లు ఇటు రాకుండా ఒడిశా పోలీసులు దారులు మూశారు. ఒకరి బోర్డులు ఇంకొకరు పీకేయడం, ఒకరి అధికారులను ఇంకొకరు ఆపేయడం మామూలైపోయింది. నవంబరు 9న ముఖ్యమంత్రులు జగన్‌మోహన్ రెడ్డి, నవీన్ పట్నాయక్ భువనేశ్వర్‌లో కూర్చుని మాట్లాడుకున్నారు. ప్రధాన కార్యదర్శులతో కమిటీ వేద్దామనుకున్నారు. ఆ ఇద్దరూ 2024లో పదవులు దిగిపోయారు. గీత మాత్రం పడలేదు.

ఇంత పోటీ ఎందుకు అంటే, ఈ కొండల్లో మాంగనీసు లాంటి ఖనిజాలున్నాయి కాబట్టే అని రెండువైపులా చెప్పుకుంటారు. అది ఎంత నిజమో కానీ, ఆ మాట వింటే ఊళ్లవాళ్లకు సంతోషం కంటే భయమే ఎక్కువ కలగాలి. గనులొచ్చిన కొండల్లో గిరిజనులు ఏమయ్యారో పక్క జిల్లాలను అడిగితే చెబుతాయి.

ఏ కాగితం చెల్లుతుంది?

అసలు చిక్కు బియ్యంలోనో పింఛనులోనో లేదు. భూమిలో ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు భూమికి పట్టా ఇవ్వాల్సింది రాష్ట్ర యంత్రాంగం. ఏ రాష్ట్రం? ఇటువాళ్లిచ్చిన పట్టాను అటు ఫారెస్టు వాళ్లు ఒప్పుకుంటారా? రేపు సరిహద్దు అటో ఇటో తేలిపోతే, ఓడిన రాష్ట్రం ఇచ్చిన కాగితం గతేంటి? బియ్యం రెండు చోట్ల తీసుకోవచ్చు. చేను మాత్రం రెండు చోట్ల ఉండదు కదా!

కులం సర్టిఫికెట్‌దీ అదే కథ. షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రానికొకటి. మూకదొరలనే చూడండి. ఆంధ్రాలో వాళ్లు ఎప్పటి నుంచో ఎస్టీలు. పక్కనే కొరాపుట్ ప్రాంతంలోని మూకదొరలకు ఆ గుర్తింపు రావడానికి పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది, అదీ 2024లో. ఒకే పేరు, ఒకే వంశం. అప్పటిదాకా గట్టుకు ఇటు పుడితే హాస్టల్ సీటు, అటు పుడితే లేదు. ఒడియా మీడియంలో పదో తరగతి చదివిన కుర్రాడికి ఇటు ఉద్యోగాల్లో స్థానికత రావడం కష్టం. తెలుగులో చదివిన పిల్లకు అటు వెళితే అదే తిప్పలు. బడిలో వేసేటప్పుడే తల్లిదండ్రులు పిల్లాడి రాష్ట్రాన్ని నిర్ణయించేయాలి. కొన్ని ఇళ్లలో ఒకణ్ని అటు, ఇంకొకణ్ని ఇటు పంపుతారంటే వింతేమీ లేదు. ఎటు తేలినా ఒకడైనా గట్టున పడతాడు!

పైగా ఆధార్ వచ్చాక రెండు పడవల ప్రయాణం అంత తేలిక కాదు. నంబరు ఒక్కటే. వేలిముద్ర ఒక్కటే. కంప్యూటరు రెండో కార్డును 'డూప్లికేట్' అంటుంది. తొంభై ఏళ్లుగా ప్రభుత్వాలు తేల్చలేకపోయినదాన్ని ఆ యంత్రం ఒక్క క్షణంలో తేల్చేయగలదు. అయితే పేరు తీసేయడానికే. హక్కు ఇవ్వడానికి కాదు.

ఇప్పుడు మరో లెక్క. 2027 మార్చి 1ని ప్రామాణికంగా తీసుకుని జనాభా లెక్కలు జరపాలని 2025 జూన్‌లో కేంద్రం ప్రకటించింది. దేశంలో ప్రతి మనిషినీ ఒక్కసారే లెక్కించాలన్నది నియమం. ఒక్కసారే, ఒక్కచోటే, ఒక్క రాష్ట్రం ఖాతాలోనే. గంజాయిభద్రలో ఆ తలుపు ముందుగా తట్టేది ఎవరో, తెలుగు ఫారంతో వచ్చే టీచరో, ఒడియా ఫారంతో వచ్చే టీచరో! మాతృభాష ఏమిటని అడిగే గడిలో మాత్రం వాళ్లిద్దరూ రాయాల్సింది ఒకే మాట... కువి.