ఫోన్లు మూగబోయినప్పుడు పాల రూటుకు రేడియో జవాబు

వడ్లు నాలుగు రోజులు గాదెలో ఆగుతాయి. పాలు ఆగవు. పితికిన పాలను మూడు నాలుగు గంటలలోగా 4 డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లార్చకపోతే సూక్ష్మజీవులు పెరిగి పులుపెక్కుతాయి. కాచితే విరుగుతాయి. అందుకే మన సంఘాలకు, శీతల కేంద్రానికి మధ్య వార్త వేళకు అందడం పాల డబ్బాల శుభ్రత ఎంత అవసరమో అంత అవసరం.

మామూలు రోజులలో ఈ పని సెల్‌ఫోను చేస్తున్నది. వ్యాను బయలుదేరిందా, కూలరు నడుస్తున్నదా అన్న ప్రశ్నకు నిమిషంలో జవాబు వస్తుంది. కాని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాను తాకినప్పుడు కరెంటు స్తంభాలు కూలిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. టవరుకు బ్యాటరీ, డీజిలు ఉన్నంతసేపే ఊపిరి. తుఫాను వచ్చిందని గేదె పాలివ్వడం మానదు. రైతు పాలు తెస్తాడు. పొయ్యాలా వద్దా అని కార్యదర్శిని అడుగుతాడు. ఆ వేళకు కార్యదర్శి వద్ద జవాబు ఉండాలి.

ఇట్టి సమయంలో టవరు, ఇంటర్నెట్టు లేకుండా పనిచేసే మెష్ రేడియో గురించి, దానిపై తనంతట తానే జవాబిచ్చే చాట్ బాట్‌ను నెలకొల్పే విధానం గురించి సభ్య సంఘాల వారికి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మెష్ రేడియో అంటే ఏమిటి?

మెష్ అంటే వల. అరచేతిలో ఇమిడే చిన్న రేడియో పెట్టెలు ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్కటి పెడతారు. ఒక పెట్టె పంపిన సందేశాన్ని దగ్గరి పెట్టె విని తిరిగి పలుకుతుంది, దానిని ఆ తర్వాతి పెట్టె విని మళ్లీ పలుకుతుంది. చేనులో ఒకరి కేకను మరొకరు అందుకొని ఆవలి గట్టుకు చేర్చినట్లే. మధ్యలో కేంద్రం గాని, కంపెనీ గాని, నెలసరి బిల్లు గాని ఉండదు. ఇందులో మాట వెళ్లదు, రాత మాత్రమే వెళుతుంది. పెట్టెకు బ్లూటూత్ ద్వారా మన సెల్‌ఫోను కలిపి, ఫోనులో టైపు చేయాలి. ఫోనుకు సిగ్నలు అక్కరలేదు.

ఇందుకు వాడే రేడియో పద్ధతి పేరు లోరా. పెట్టెలను నడిపే ఉచిత సాఫ్ట్‌వేరులలో 2020లో మొదలైన మెష్‌టాస్టిక్ బాగా వాడుకలో ఉన్నది. మామూలుగా ఒక సందేశం 3 గెంతుల వరకు వెళుతుంది, 7 వరకు పెంచవచ్చు. అవసరం లేకుండా పెంచితే గాలిలో రద్దీ పెరుగుతుంది తప్ప లాభం లేదు.

హ్యామ్ రేడియోకు పరీక్ష, లైసెన్సు కావాలి. లోరాకు మన దేశంలో 865 నుండి 867 మెగాహెర్ట్జ్ వరకు 2005లోనే లైసెన్సు మినహాయింపు ఇచ్చారు. 2021లో దానిని 868 వరకు పెంచారు. అయితే మినహాయింపు అంటే హద్దు లేదని కాదు. పంపే శక్తికి, వాడే పట్టీ వెడల్పుకు పరిమితులు ఉన్నవి. కేంద్ర టెలికాం శాఖ ఆమోదం ఉన్న పరికరాన్నే కొనాలి. అమరికలో ప్రాంతాన్ని ఇండియాగా పెట్టి, ఎంచుకొన్న వేగం నియమాలకు లోబడి ఉన్నదో లేదో చూచుకొన్న తర్వాతే వాడాలి. రూటులోని పెట్టెలన్నీ ఒకే అమరికలో ఉండాలి. ఒక్కటి తేడా ఉన్నా అది వినదు.

బాట్ ఎందుకు?

ఒక రూటులో పన్నెండు సంఘాలు ఉన్నవనుకొందాం. తుఫాను మరునాడు తెల్లవారుజామున పన్నెండుగురు కార్యదర్శులు ఒకే ప్రశ్న అడుగుతారు. శీతల కేంద్రం ఇన్‌చార్జి జనరేటరు చూడాలా, డీజిలు చూడాలా, పన్నెండు జవాబులు టైపు చేయాలా? అతడు ఉన్న సంగతిని ఒక్కసారి నమోదు చేస్తే, అడిగిన వారికి అడిగినప్పుడు దానిని చెప్పే పనిమనిషి బాట్.

ఇది సర్వం తెలిసిన యంత్రం కాదు. ఈ రోజుల్లో ఏది అడిగినా జవాబిచ్చే ప్రోగ్రాములు వచ్చినవి. అవి చాలావరకు ఇంటర్నెట్టు మీద ఆధారపడినవి. మన బాట్ అటువంటిది కాదు. మనం వ్రాసిన నాలుగు ప్రశ్నలకు, మనం నమోదు చేసిన నాలుగు జవాబులు. గోడకు తగిలించిన నోటీసు బోర్డును దూరం నుండి చదివించే ఏర్పాటు అని అనుకోవచ్చు.

కావలసిన సామగ్రి

1) రూటులోని ప్రతి సంఘానికి ఒక రేడియో పెట్టె, 865–868 పట్టీకి సరిపడే యాంటెన్నా. 433, 915 మెగాహెర్ట్జ్ యాంటెన్నాలు కూడా బజారులో దొరుకుతాయి. అవి పనికిరావు. యాంటెన్నా బిగించకుండా పెట్టెను ఎన్నడూ ఆన్ చేయకూడదు. పంపే భాగం కాలిపోతుంది.

2) నీళ్ల ట్యాంకు వంటి ఎత్తైన చోట ఒకటి రెండు పెట్టెలు, సోలారు పలకతో. లోరాకు వాటేజీ కన్న ఎత్తు ముఖ్యం. కొబ్బరితోటలు, మేడలు, గుట్టలు అడ్డు వస్తే దూరం తగ్గిపోతుంది.

3) శీతల కేంద్రంలో రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటరు లేదా పాత ల్యాప్‌టాప్. దానికి ఒక రేడియో పెట్టెను యు.ఎస్.బి. తీగతో కలపాలి. ఛార్జింగు మాత్రమే చేసే తీగతో సమాచారం వెళ్లదు. సమాచారం కూడా మోసే తీగ కొనాలి.

4) కరెంటు పోయినా కంప్యూటరును నడిపే బ్యాటరీ. కరెంటు హఠాత్తుగా పోతే మెమరీ కార్డు చెడిపోయే ప్రమాదం ఉన్నది గనుక సిద్ధం చేసిన కార్డు మరొకటి బీరువాలో ఉంచాలి.

కొటేషన్లు తీసుకొని, పాలకవర్గ తీర్మానంతో కొని, స్టాకు రిజిస్టరులో ఎక్కించాలని వేరుగా చెప్పనవసరం లేదు.

నెలకొల్పే విధానం

బాట్‌ను పైథాన్ అనే కంప్యూటరు భాషలో వ్రాస్తారు. మెష్‌టాస్టిక్ వారే ఇందుకు ఉచితంగా ఒక లైబ్రరీ ఇచ్చారు. అది పెట్టె అందుకొన్న ప్రతి సందేశాన్ని, పంపిన పెట్టె నంబరుతో సహా ప్రోగ్రాముకు అందిస్తుంది. ఇంటర్నెట్టు ఉన్న రోజులలోనే దీనిని కంప్యూటరులో ఎక్కించి ఉంచుకోవాలి. ప్రోగ్రాము చేయవలసిన పని వరుసగా ఇది:

మొదట, వచ్చిన సందేశం తాను పంపినదే అయితే వదిలివేయాలి. లేకపోతే తన మాటకు తానే జవాబిస్తూ కూర్చుంటుంది. ఒకే వలలో రెండు బాట్‌లు ఉంటే ఒకదానికొకటి జవాబులు చెప్పుకొంటూ దారినంతా ఆక్రమిస్తాయి. రూటుకు ఒక్క బాట్ చాలు.

రెండవది, పంపినవారి పెట్టె నంబరు సభ్య సంఘాల పట్టికలో ఉన్నదా అని చూడాలి.

మూడవది, సందేశం మనం నిర్ణయించిన ప్రశ్న అయితేనే పలకాలి. మిగతా సంభాషణలో జోక్యం చేసుకోరాదు.

నాలుగవది, జవాబు అడిగిన వారికే నేరుగా పంపాలి. అందరికీ వినిపించే చానెలులో పంపరాదు. సాధారణ అమరికలో లోరా వేగం సెకనుకు సుమారు వెయ్యి బిట్లు మాత్రమే. నిండు సందేశం ఒక్కటి గాలిలో రెండు సెకన్ల వరకు తీసుకొంటుంది. దానిని మధ్యలోని పెట్టెలు మళ్లీ పలకాలి. ఇరుకు బాటలో ఎడ్లబండి వెళ్లినట్లు, ఒకటి వెళుతుండగా వెనుకది ఆగవలసిందే.

ఐదవది, ప్రశ్న, జవాబు, వేళ మూడింటినీ కంప్యూటరులో ఒక ఫైలులో వ్రాసుకోవాలి. తర్వాత తగాదా వస్తే అదే మన రిజిస్టరు.

తెలుగుకు చోటు తక్కువ

సందేశం సుమారు 200 బైట్లకు మించకూడదు. ఇంగ్లీషు అక్షరానికి, అంకెకు ఒక్కొక్క బైటు చాలు. తెలుగులో అచ్చుకు, హల్లుకు, గుణింతానికి, వత్తు కలిపే గుర్తుకు దేనికదే 3 బైట్లు. 'పా' అంటే 6 బైట్లు, 'క్షీ' ఒక్కదానికే 12.

"పాల వ్యాను శీతల కేంద్రం నుండి ఉదయం 5:40 గంటలకు బయలుదేరినది, దయచేసి పాలు సిద్ధంగా ఉంచగలరు" అని మర్యాదగా వ్రాస్తే 230 బైట్లయి హద్దు దాటుతుంది. "వ్యాను 5:40 బయలుదేరింది. నమోదు 5:45" అంటే 79 బైట్లలో పని ముగుస్తుంది. అందుచేత ప్రశ్నలను అంకెలుగా పెట్టుకోవడం మేలు. 1 అంటే వ్యాను, 2 అంటే కూలరు ఉష్ణోగ్రత, 3 అంటే జనరేటరు, డీజిలు, 4 అంటే ఈ పూట పాలు పొయ్యవచ్చునా. ఈ నాలుగింటినీ అట్టపై వ్రాసి టెస్టింగు బల్ల ఎదుట తగిలించాలి. కార్యదర్శి ఊరిలో లేకపోయినా టెస్టరు అడగగలుగుతాడు.

అసలు ప్రమాదం ఎక్కడ?

రేడియో పనిచేయకపోవడం కన్న, పనిచేస్తూ నిన్నటి మాట చెప్పడం ఎక్కువ నష్టం. రాత్రి పది గంటలకు ఇన్‌చార్జి "కూలరు 4 డిగ్రీలు" అని నమోదు చేశాడనుకొందాం. అర్ధరాత్రి జనరేటరు ఆగింది. తెల్లవారి ఐదు గంటలకు బాట్ "కూలరు 4 డిగ్రీలు" అనే చెబుతుంది. దానిని నమ్మి సంఘం పాలు పోయించుకొంటే ఆ పూట సేకరణ మొత్తం పులిసిపోతుంది. యంత్రం అబద్ధమాడలేదు, పాత నిజం చెప్పింది. రైతుకు మాత్రం రెండూ ఒకటే.

అందువల్ల మూడు కట్టుబాట్లు తప్పనిసరి. నమోదు వేళ లేని జవాబును బాట్ చెప్పకూడదు. నమోదు గంట దాటితే కూలరు గురించి, రెండు గంటలు దాటితే వ్యాను గురించి "కొత్త సమాచారం లేదు" అని మాత్రమే చెప్పాలి. వ్యాను ఎప్పటికి చేరుతుంది, పాలు ఎంతసేపు నిలుస్తాయి అన్న ఊహలు దాని చేత చెప్పించకూడదు. రోడ్డు మీద చెట్టు పడినదో లేదో దానికి తెలియదు.

ఇక్కడ గడియారం సంగతి గమనించాలి. రాస్ప్‌బెర్రీ పై 4 వరకు వచ్చిన రకాలలో బ్యాటరీ గడియారం లేదు. 5వ రకంలో గడియారం ఉన్నా బ్యాటరీ విడిగా పెట్టాలి. ఇవి ఇంటర్నెట్టు నుండి వేళ తెలుసుకొంటాయి. ఇంటర్నెట్టు లేని రోజున కరెంటు పోయి వస్తే తప్పు వేళతో లేస్తాయి. వేళ తప్పితే పై కట్టుబాట్లన్నీ వృథా. కనుక చిన్న గడియారపు బిళ్లను బ్యాటరీతో సహా అమర్చడం మరువరాదు. దాని ఖర్చు ఒక క్యాను పాల విలువలో కొద్ది వంతే.

తాళం, నమోదు, బాధ్యత

పెట్టెలతో పాటు వచ్చే చానెలు తాళం అందరికీ తెలిసినదే. రూటుకు సొంత చానెలు పెట్టుకొని కొత్త తాళం వేయాలి. పెట్టె పోయినా, కార్యదర్శి మారి పెట్టె అప్పగించకపోయినా తాళం మార్చాలి. 2024లో వచ్చిన 2.5 వెర్షను నుండి నేరు సందేశాలకు విడి తాళం ఉన్నది. ఇన్‌చార్జి బయట నుండి నమోదు పంపవలసి వస్తే ఆ పద్ధతిలోనే పంపాలి. నమోదు చేసే అధికారం ఇద్దరికి మించి ఇవ్వరాదు. వారి పేర్లు తీర్మానంలో ఉండాలి.

వెన్న శాతం, బిల్లు, బాకీ సంగతులు ఈ రేడియోలో పంపకూడదు. అవి రైతు సొంత లెక్కలు. పైగా వాటికి తొందర లేదు, దారి ఇరుకు.

జవాబు రాకపోతే దానిని "వ్యాను రాదు" అని అర్థం చేసుకోకూడదు. రేడియో సందేశం దారిలో పోవచ్చు. ఐదు నిమిషాలు ఆగి మరొకసారి అడగాలి. అప్పటికీ రాకపోతే మోటారు సైకిలు మీద మనిషిని పంపాలి. బాట్ ఉన్నదని ఆ మనిషిని తీసివేసిన రూటు తుఫానుకు సిద్ధమైన రూటు కాదు.

తుఫాను రోజున మొదటిసారి ఆన్ చేసిన యంత్రాన్ని నమ్మడం కష్టం. నెలకొకసారి ఒక పూట, ఉదయం సేకరణ వేళ, ఫోన్లు పక్కన పెట్టి రూటు మొత్తాన్ని రేడియో మీదనే నడపాలి. ఏ ఊరికి జవాబు అందలేదు, ఎంతసేపటికి అందింది, నమోదు పాతబడి "కొత్త సమాచారం లేదు" అని ఎన్నిసార్లు వచ్చింది అనే మూడు గడులతో ఒక రిజిస్టరు ఉంచాలి. మూడవ గడి నిండుతున్నదంటే లోపం యంత్రానిది కాదు, నమోదు చేయవలసిన మనిషిది. తనిఖీకి వచ్చిన వారు ముందుగా చూడవలసిన గడి అదే.

తుఫానులు ఎక్కువగా వచ్చే అక్టోబరు, నవంబరు మాసాలకు ముందుగానే తీరప్రాంత సంఘాలు, సిగ్నలు సరిగా అందని ఏజెన్సీ సంఘాలు ఈ విషయాన్ని పాలకవర్గ సమావేశంలో చర్చకు పెట్టడం మంచిది. ముందు ఒక శీతల కేంద్రం, మూడు సంఘాలతో మొదలుపెట్టి, రెండు నెలలు రిజిస్టరు చూచి, తర్వాత మిగతా ఊళ్లకు విస్తరించవచ్చు. క్యాను పట్టుకొని క్యూలో నిలబడిన రైతుకు ఆ పూట "పొయ్యండి" అనో, "ఈ పూట ఇంట్లోనే తోడు పెట్టుకోండి" అనో నిజమైన మాట వేళకు చెప్పగలిగితే, ఈ ఏర్పాటుకు పెట్టిన ఖర్చు దక్కినట్లే.