పెద్దవంగర నుండి ఒకనాటి తీరిక ప్రయాణము

యాత్ర యనగానే మన యిండ్లలో కాశియు, తిరుపతియు, శ్రీశైలమును తలపునకు వచ్చును. అవి మ్రొక్కుబడి యాత్రలు. పెండ్లికో, పురుటికో పుట్టినింటికి పోయి వచ్చుట మరియొక విధమైన ప్రయాణము. ఈ రెండును గాక, ఊరక చూచుటకును, తెలిసికొనుటకును ఒక దినము నెమ్మదిగా తిరిగి వచ్చుట గృహిణికి తగదని యెవరును శాసింపలేదు. అయినను అట్లు బయలుదేరినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

గ్రీకు దేశపు ద్వీపములకు పోవువారికి అక్కడ నొక చక్కని యేర్పాటు కలదు. ఒక కుటుంబమునకు ఒక బండి, త్రోవ చూపుటకు ఒక మనిషి. ఉదయమున పాత కోటయో, గుడియో చూతురు. మధ్యాహ్నమున పల్లెలో భోజనము. సాయంకాలము కుమ్మరి సారె యొద్దనో, మగ్గము నొద్దనో కూర్చుందురు. పది స్థలములు చూచితిమని చెప్పుకొను తొందర యుండదు. ఆ ద్వీపములలో లెస్బోసు ఒకటి. అందలి పెత్ర యను గ్రామమున 1983లో స్త్రీలే సహకార సంఘముగా చేరి, తమ యిండ్లలో యాత్రికులకు బస యిచ్చి, తమ చేతివంట పెట్టి, వచ్చిన సొమ్మును తామే యనుభవింపసాగిరి. ఆ దేశమున నట్టి స్త్రీల సంఘములలో నదియే మొదటిది. ఇది తెలిసిన నాటినుండి మా మనస్సున నొక ప్రశ్న మెదలుచుండెను. మన పెద్దవంగర చుట్టును చరిత్ర లేదా, రుచియైన వంట లేదా, చేతిపని లేదా? ఉన్నచో, వానిని చూచుటకు మన మేల పోము?

కావున నొక మాఘమాసపు దినమున మేము నలుగురము, అనగా మేము, మా యత్తగారు, తోడికోడలు, ఆడపడుచు కూతురు, అద్దెకారు నొకదానిని మాటలాడుకొని బయలుదేరితిమి. ఆ పూట వంట మగవారు చూచుకొనిరి. అన్నము కొంత మెత్తబడినదని తరువాత వింటిమి. అంతకు మించిన యుపద్రవ మేమియు జరుగలేదు.

పెద్దవంగర 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మండల కేంద్రమై మహబూబాబాదు జిల్లాలో చేరినది. అంతకు ముందు కొడకండ్ల మండలములోని గ్రామము. కొడకండ్లయు, పాలకుర్తియు జనగామ జిల్లాకు పోయినవి. పటముపై గీత మారినది గాని, సంతకును చుట్టరికమునకును పోవు దారులు మారలేదు. మా ప్రయాణమంతయు ఆ పాతదారుల వెంబడినే సాగినది.

కొడకండ్ల నేతగాండ్ర యూరు. ఇచటి పద్మశాలి కుటుంబములనేకము పనికై సూరతుకును, భివండీకిని వలసపోయినవి. మిగిలిన మగ్గముల సంగతి తలచుకొన్నప్పుడెల్ల మాకొక మాట తోచును. మగ్గముపై కూర్చున్న పురుషుని మనము నేతగాడందుము. తెల్లవారకముందే లేచి నూలు తోడి, కండెలు చుట్టి, గంజి పెట్టి, పడుగు సాగదీయుటకు చేయి సాయము చేసిన యామెను ఏమందుము? నేతగాని భార్య యందుము. ఆమె లేనిదే మగ్గము కదలదు. కాని కూలి లెక్కలో నామె పేరుండదు. ఈ మాట దారి పొడవునను మమ్ము విడువలేదు.

పాలకుర్తి చేరునప్పటికి ఎండ యింకను ముదురలేదు. ఊరి గుట్టపై రెండు గుహలు. ఒకదానియందు సోమేశ్వరుడు, రెండవదానియందు లక్ష్మీనరసింహస్వామి. శివకేశవు లిద్దరును ఒకే కొండపై పొరుగువారై యుండుట చూడ ముచ్చటగా నుండును. గుట్ట చీలిక నడుమ ఇరుకైన ప్రదక్షిణ మార్గము కలదు. దానిని గూర్చి యక్కడివారు చెప్పుకొను కథ మా యత్తగారికి మిక్కిలి నచ్చినది. గుట్ట చుట్టును తిరుగ శక్తి చాలని యొక ముదుసలి భక్తురాలి కొరకు స్వామియే కొండను చీల్చి దగ్గరి దారి యిచ్చెనట. దేవుడే ముసలివారి మోకాళ్ల నొప్పి నెరిగి మెలగినప్పుడు, మనుష్యులమైన మనము తొందరపెట్టుట యెందులకని చెప్పి, ఆమె మెట్టుమెట్టునకు కూర్చుండి లేచుచు ఎక్కినది. మేమును ఆమెతో కూర్చుండి లేచితిమి. ఆ యాలస్యమువలననే క్రింది పొలములను, చెరువును కన్నులార చూడగలిగితిమి.

ఈ పాలకుర్తియే పాల్కురికి సోమనాథుని యూరు. సంస్కృతమును కాదని, జనులు మాటలాడు జాను తెనుగున, ద్విపదలో బసవపురాణమును వ్రాసినవాడు. ఆయన పండితారాధ్య చరిత్రలో నాటి వారు పాడుకొను తుమ్మెదపదములు, వెన్నెలపదములు, గొబ్బిపదములు పేర్లతో సహా వచ్చును. విసరుచు దంచుచు స్త్రీలు పాడు పాటలను పండితులు చెవినబెట్టని కాలమున, ఈ కవి వానిని లెక్కకు తెచ్చినాడు. బసవపురాణమున బెజ్జమహాదేవి కథ కలదు. శివునకు తల్లి లేదుగదా యని జాలిపడి, తానే తల్లియై ఆయనను పసిబిడ్డగా పెంచిన యిల్లాలు ఆమె. ఎందరు భక్తుల కథలు విన్నను ఇంతటి యమాయకమైన భక్తి మరొకటి మాకు కనబడలేదు. లోకమునంతటిని సాకువానికి నూనె యంటి, నీళ్లు పోయవలెనని తోచుట ఒక తల్లికే సాధ్యము.

అదే యూర మరియొక తల్లి బ్రదికినది. ఆమె చిట్యాల ఐలమ్మ. చాకలి ఐలమ్మ యనిన లోకమెరుగును. 1895లో కృష్ణాపురమున బుట్టి, పాలకుర్తికి కోడలై వచ్చినది. కౌలునకు తీసికొన్న భూమిలో తాను పండించిన పంటను విసునూరు దేశముఖు కాజేయ జూచినప్పుడు, 1940ల నడుమ, ఆమె తలవంచలేదు. సంఘపువారి యండతో పంట కోసి, వడ్లు తన యింటికి చేర్చుకొన్నది. ఆ దేశముఖు పేరు విన్న చుట్టుపట్ల ఊళ్లు వణకిన కాలమది. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు బలియైనది ఆ పోరులోనే. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10వ తేదీన కన్నుమూసినది. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ప్రభుత్వమువారు ఆమె పేరు పెట్టిరి. చదువుకొనని స్త్రీ పేరు చదువులబడికి! మా పిల్ల యచట నామె విగ్రహము ముందు చాలసేపు నిలిచినది. గుడిలో నిలిచిన సేపుకన్న నెక్కువ యేమో.

పాలకుర్తినుండి బమ్మెర కొద్దిదూరమే. పోతన యూరిదే యని యిచటివారు గట్టిగా నమ్ముదురు. కడప దిక్కున ఒంటిమిట్టవారును ఆయన తమవాడందురు. ఆ తగవు పండితులు తీర్చుకొందురు గాక. ఊరివారు పోతన దున్నిన పొలమని, సమాధియని చూపించెడి చోటులు చూచితిమి. గొప్ప కట్టడము లేవియు లేవు. పదునైదవ శతాబ్దపు కవి, భాగవతమును తెనిగించి రాజుల కీయక శ్రీరామున కంకితము చేసినవాడు, ఇట్టి నల్లరేగడి, చెలకల నడుమ తిరిగినాడని తలచుకొనుటకు కట్టడము లక్కరలేదు. మన యిండ్లలో చదువురాని ముసలమ్మలకును గజేంద్రమోక్షము నోటికి వచ్చును. పెండ్లి కుదురవలెనని కన్నెపిల్లలచేత రుక్మిణీకళ్యాణము చదివించుటయు మన యాచారమే. ఈ సంగతి యెత్తగానే మా పిల్ల తాను మొదట పరీక్ష గట్టెక్కుటకు తగిన ఘట్టమేదో చెప్పుడని యడిగినది.

వాల్మీకి పేర చెప్పుకొను వల్మిడి గుట్టయు దాపుననే కలదు. మేము దానిని దూరమునుండియే చూచితిమి. మా యత్తగారి మోకాళ్లకు ఒక దినమున ఒక గుట్ట చాలును.

మధ్యాహ్న భోజనము ఒక దూరపు చుట్టముల యింట. జొన్నరొట్టె, పచ్చిపులుసు, వేయించిన పల్లికాయల పచ్చడి, చివర మీగడ పెరుగు. పచ్చిపులుసును పొయ్యిపై పెట్టరు. చింతపండు పిసికిన నీటిలో కాల్చిన పచ్చిమిరపకాయ, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, ఉప్పు, చిటికెడు జీలకర్ర, కొత్తిమీర చేర్చి చేతితో నలుపవలెను. చారు చేయు దినమున నలుపు చేయి వేరు, పచ్చిపులుసు నలుపు చేయి వేరు అని మా యత్తగారి మతము.

మేము ఇంటినుండి తెచ్చినది సర్వపిండి. బియ్యపుపిండిలో నానిన సెనగపప్పు, నువ్వులు, కారము, ఉప్పు, కరివేపాకు, ఉల్లిగడ్డ ముక్కలు వేసి గట్టిగా తడుపుదురు. గుండ్రని అడుగుగల సర్వకు నూనె రాచి, పిండిని పలుచగా అద్ది, వ్రేలితో అక్కడక్కడ గుంటలు పెట్టి, ఆ గుంటలలో నూనెచుక్కలు వేసి, మూతబెట్టి సన్నని సెగపై నుంతురు. అడుగు ఎర్రబడి గలగలలాడునప్పుడు దింపవలెను. రెండవ పిండికి ముందు సర్వ చల్లారవలెను గనుక, ఓపిక లేనివారు రెండు సర్వలు పెట్టుకొందురు. కొన్నిచోట్ల దీనినే తపాలచెక్క యందురు. సంక్రాంతి సకినములవలె ఇదియు ఆడవారి చేతులలోనే బ్రదికియున్న వంట.

ఇక్కడ నొకమాట చెప్పవలెను. మాకు చుట్టములున్నారు గనుక ఈ భోజనము దొరికినది. చుట్టములు లేని పరదేశి ఎవరైన సోమనాథుని యూరు చూడవచ్చినచో ఏమి తినును? బాట ప్రక్క పూటకూళ్ల యింట బిరియానియో, పూరీయో తిని పోవును. పచ్చిపులుసు పేరైన వినడు. ఈ గ్రామములలో పొదుపు సంఘములున్నవి, నెలనెల కూడు స్త్రీలున్నారు, చేతిలో విద్య యున్నది. పెత్ర గ్రామపు స్త్రీలు చేసిన పని మన సంఘములవారు చేయలేనిదేమి? పండుగనాడు గుట్టకు వచ్చు జనమునకు రెండు సర్వల పిండి, ఒక కుండ పచ్చిపులుసు అమ్మి చూచినను చాలును. ఇంటివంటకు వెల గట్టుట చిన్నతనమని కొందరందురు. వెలలేని పనిని లోకము పనిగా నెంచకుండుట మనము చూచుచునే యున్నాము.

తరువాత జనగామ మీదుగా పెంబర్తికి పోయితిమి. హైదరాబాదు బాటపైనున్న ఈ చిన్న గ్రామపు విశ్వకర్మలు కాకతీయుల కాలమునుండి విగ్రహములకును, రథములకును ఇత్తడి, రాగి రేకుల తొడుగులు చేయుచున్నారని ప్రసిద్ధి. నిజాము ప్రభువుల కాలమున పాందానులు, అత్తరుదానులు చేసిరి. నేడు మకరతోరణములు, ధ్వజస్తంభపు తొడుగులు, జ్ఞాపికలు చేయుచున్నారు. పెంబర్తి పనికి భౌగోళిక గుర్తింపును లభించినది.

పని చూడ గూర్చుంటిమి. మొదట కాగితముపై బొమ్మను గీయుదురు. రేకును కాల్చి మెత్తపరతురు. గుగ్గిలము, ఇటికపొడి, నూనె కలిపి కాచిన ముద్దను పలకపై పరచి, వేడి చల్లారకముందే రేకును దానిపై నతికింతురు. ముద్ద చల్లారి గట్టిపడును గాని, ఉలిదెబ్బకు లోబడునంత మెత్తదనము దానియందుండును. ఇక చిన్న సుత్తి, రకరకముల ఉలులు. వెనుకనుండి కొట్టిన చోటు ముందువైపున నుబ్బును. రేకును తిరుగవేసి సన్నని ఉలితో కనుబొమ్మ, పూరేకు తీర్చుదురు. మరల కాచి ముద్దనుండి విడదీసి, చింతపండుతో తోమి మెరుగు పెట్టుదురు. చింతపండుతో నిత్తడి తోముట మాత్రము మనకెవరును నేర్పనక్కరలేదు. ఒక దెబ్బ హెచ్చైనచో రేకు చిరుగును, తక్కువైనచో బొమ్మ లేవదు.

మా తోడికోడలు ఒక చిన్న దీపపు తొడుగు వెల యడిగి, ఇత్తడి కిలో ఇంతయేగదా యని లెక్క కట్టబోయినది. మేము మెల్లగా మోచేతితో పొడిచితిమి. అది రేకు వెల. దానిపై పడిన దెబ్బల వెల వేరు. బజారులో యంత్రమున అచ్చుగొట్టిన రేకుబొమ్మ సగము వెలకు దొరకుటచేతనే ఈ పనివారి పిల్లలు వేరు కొలువులు వెదకుకొనుచున్నారు. చెప్పిన వెలకే తీసికొంటిమి.

అదే బాటపై ఇంకను ముందునకు పోయిన ఆలేరు. పొద్దు చాలనందున పోలేదు గాని, ఉదయమున మొదలైన మాటకు బదులు అచటనే యున్నది. చిటికి కట్టి రంగులద్దు పోచంపల్లి పట్టుచీరకు ముందుగా ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగా మేకులు దిగగొట్టిన చట్రముపై దారమును ఒక గజము మేర అటు నిటు త్రిప్పుట ఆ పని. ఒక్క చీరకు సుమారు 9,000 పర్యాయములు చేయి ఆడవలెను. రెండు చీరలకు 18,000. ఈ పని స్త్రీలది. ఆలేరు దిక్కు వాడైన చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి భుజము నొప్పితో బాధపడుట చూడలేక, పెద్దచదువు లేకున్నను ఏండ్లతరబడి శ్రమించి, 1999లో ఆసు యంత్రమును సాధించి, దానికి తల్లి పేరే పెట్టినాడు. 2017లో పద్మశ్రీ నందుకొన్నాడు. చీర కట్టిన తరతరముల స్త్రీలలో నెవరికిని, నేసిన తరతరముల పురుషులలో నెవరికిని కనబడని భుజము ఒక కొడుకునకు కనబడినది.

పోదలచినవారికి రెండు మాటలు. మార్గశిరమునుండి మాఘమువరకు మంచి కాలము. శివరాత్రి నాడు పాలకుర్తిలో జాతర రద్దీ యుండును గనుక తీరిక కోరువారు ఆ దినము విడువవలెను. త్రాగునీరు, గొడుగు, మెట్లకు పనికివచ్చు చెప్పులు మరువరాదు. పెంబర్తికి పొద్దు వాలకముందే చేరవలెను. ఉలిపని వెలుతురున చూడవలసినది. కొలనుపాక జైనదేవళమును, చేర్యాల నకాషీ బొమ్మలను మేము వేరొక దినమునకు ఉంచుకొన్నాము. ఆనాటి వంట కొరకు అన్నము పలుకుగా వార్చుట ఎట్లో మగవారికి ఇప్పటినుండియే నేర్పుచున్నాము.