వీధిబడి నుండి వీడియో వరకు

ఐదవ తరగతి చదివే పిల్లలను పిలిచి, సగానికి మూడవ వంతు కలిపితే ఎంత అని అడిగి చూడండి. "ఆరింట ఐదు వంతులు" అని తడుముకోకుండా చెబుతారు. లవాలను, హారాలను విడివిడిగా కూడితే వచ్చే "ఐదింట రెండు" ఎందుకు కాకూడదని మరల అడగండి. చాలమంది అక్కడ ఆగిపోతారు. మా అమ్మాయి కూడ ఆగిపోయింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఇంజనీరింగు చదివిన నేను కూడ "హారాలు సమానం చేయాలి కనుక" అని తప్పించుకున్నాను. అది పద్ధతే గాని, కారణం కాదు.

ఆ వారమే ఆమె ఉపాధ్యాయిని తరగతికి ఒక పని అప్పగించారు. పిల్లలు ఇద్దరిద్దరుగా కలిసి, ఒక లెక్కను తోటివారికి బోధిస్తూ రెండు నిమిషాల వీడియో తయారుచేయాలి. ముఖాలు కనిపించనక్కరలేదు, కాగితం, చేతులు కనిపించి, గొంతు వినిపిస్తే చాలు.

వీడియోలతో గణిత బోధన అనగానే మనకు సాల్ ఖాన్ గుర్తుకు వస్తారు. 2004లో బోస్టన్‌లో ఉంటూ, న్యూ ఆర్లియన్స్‌లోని బంధువుల అమ్మాయికి దూరం నుండే లెక్కలు చెప్పడం ప్రారంభించి, 2006 నుండి ఆయన ఆ పాఠాలను యూట్యూబ్‌లో ఉంచారు. అక్కడ చెప్పేది పెద్దలు, వినేది పిల్లలు. కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో, లింకన్ మిడిల్ స్కూల్ గణితోపాధ్యాయుడు ఎరిక్ మార్కోస్ ఈ వరుసను తారుమారు చేశారు. ఆయన ఆరవ తరగతి విద్యార్థులే టాబ్లెట్ కంప్యూటరు తెరపై లెక్క వ్రాస్తూ, తమ గొంతుతో వివరిస్తూ పాఠాలు తయారుచేశారు. "మాత్ ట్రైన్" పేరుతో అవి అందరికీ ఉచితంగా అందాయి. విద్యావేత్త అలన్ నవంబర్ 2012లో వెలువరించిన తన గ్రంథంలో ఈ కృషిని వివరించారు.

ఇందులో ఎక్కువ లాభం ఎవరికి? చూసేవారికి అని తోస్తుంది. కాని పరిశోధనలు చేసేవారి వైపే మొగ్గుతున్నాయి. ఇతరులకు బోధించాలనే ఉద్దేశంతో చదివినవారు, తమ కోసమే చదివినవారికంటె బాగా నేర్చుకున్నారని 1980లో బార్గ్, షూల్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 2013లో సాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఫియొరెల్లా, మేయర్ మరొక అడుగు ముందుకు వేశారు. కళాశాల విద్యార్థులలో కొందరు డాప్లర్ ప్రభావాన్ని చదివి, వీడియో కెమెరా ముందు పాఠంగా చెప్పారు. కొంతకాలం గడచిన తరువాత పెట్టిన పరీక్షలో, బోధనకు సిద్ధపడడంతో ఆగినవారికంటె నిజంగా బోధించినవారే మెరుగని తేలింది. పదేళ్ళ పిల్లల విషయంలో ఇది అక్షరాలా వర్తిస్తుందని చెప్పలేము గాని, దారి మాత్రం చూపుతున్నది.

ఈ దారి మన పూర్వులకు క్రొత్త కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు పంపవలసిందిగా కోరగా, బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823లో నివేదిక సమర్పించాడు. ఆ జిల్లాలోని 533 పాఠశాలల్లో 226 తెలుగు బడులు. ముందున్న పిల్లలు వెనుకనున్నవారికి చదువు చెబుతూ, తమ చదువును కూడ దృఢపరచుకుంటున్నారని ఆయన మెచ్చుకున్నాడు.

అంతకు ముందే, 1789లో మద్రాసు ఎగ్మూరు అనాథాశ్రమ పాఠశాల బాధ్యత చేపట్టిన ఆండ్రూ బెల్, దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టాడు. పిల్లల చేతనే పిల్లలకు చెప్పించాడు. 1797లో ఆయన లండనులో ప్రచురించిన నివేదిక మూలంగా అది "మద్రాసు పద్ధతి"గా పేరు పొందింది. ఇటువంటిదే అయిన జోసెఫ్ లాంకాస్టర్ పద్ధతిపై 1806లో న్యూయార్క్‌లో ఉచిత పాఠశాల వెలసింది.

అయితే ఆ పాఠశాలలు క్రమంగా కనుమరుగైనాయి. వందలాది పిల్లలను తక్కువ ఖర్చుతో నడపాలన్న ఆరాటంలో, చెప్పే పిల్లవాడు వల్లె వేయించే యంత్రమైపోయాడు. నేటి వీడియోకు కూడ ఈ ప్రమాదం లేకపోలేదు. రంగులు, సంగీతం జోడించి సూత్రాన్ని అప్పజెబితే అది క్రొత్త తెరపై పాత వల్లెవేతే. పైగా రెండు నిమిషాల పాఠానికి రోజుల తరబడి కాలం పడుతుంది. తప్పు దొర్లిన పాఠాన్ని సరిచూడకుండా నలుగురికి చూపితే తప్పే వ్యాపిస్తుంది. కనుక ప్రతి వీడియోను చూసి "ఎందుకు?" అని అడిగే ఉపాధ్యాయుడు తప్పనిసరి.

మా ఇంట్లో ఆ ప్రశ్న వేసింది గుంటూరు నుండి వచ్చి ఆరు నెలలు మాతో ఉన్న మా అత్తగారు. అమ్మాయి మొదటి వీడియో చూసి, "ఆరు భాగాలే ఎందుకు చేశావమ్మా?" అన్నారు. అమ్మాయి జవాబు చెప్పలేక అలిగి లేచిపోయింది. మరునాడు కాగితాన్ని ఆరు గళ్ళుగా మడిచి, వచ్చీరాని తెలుగులో ఆమెకు చెప్పనారంభించింది. సగమంటే మూడు గళ్ళు, మూడవ వంతంటే రెండు గళ్ళు. రెంటికీ సరిపోయే ఒకే కొలత కావాలి కనుక ఆరు. ఉన్నట్లుండి ఆగి, "అమ్మమ్మా, ఐదింట రెండు సగంకంటె తక్కువ కదా! సగానికి ఇంకా కలిపితే తగ్గుతుందా?" అన్నది. ఆ మాట నాకూ ఎవరూ చెప్పలేదు.

మన పిల్లలకు మార్కులకు కొరత లేదు. వారు చెప్పేది ఓపికగా విని, అర్థం కానప్పుడు కాలేదని చెప్పే శ్రోతలకే కొరత. వారాంతంలో భారతదేశానికి ఫోను చేసినప్పుడు, క్షేమసమాచారాల తరువాత ఒక లెక్కను తాతగారికో అమ్మమ్మగారికో తెలుగులో బోధించమనండి. లవం, హారం అన్న మాటలు వారికి తెలుసు; పిల్లలకు అవి వారి నుండి వస్తాయి.