బాగున్నదనిన చాలదు

మొలకెత్తించి యెండబెట్టిన యవలను వేడినీట నానించి, ఆ రసమును హాప్స్ పువ్వులతో మరగకాచి, ఈస్టు కలిపి, వారముల తరబడి గరాజులో నొక మూల పులియబెట్టి, తుదకు సీసాల కెత్తిన బీరును బీరు కాచు సాటివాని చేతికిచ్చి, అతని ముఖకవళికలనే కనిపెట్టుచు నిలుచుండు అమెరికను గృహస్థునకు ఆ మిత్రుడు చేయదగిన ఉపకారమేది? “అద్భుతము” అను మాట కాదని నా యభిప్రాయము. ఆ మాటవలన గ్లాసు ఖాళీయగునే కాని, రాబోవు వాయి బాగుపడదు.

ఆ దేశమున 1933లో మద్యనిషేధము తొలగిన పిమ్మట ఇంట ద్రాక్షసారాయము చేసికొనుట కనుమతి లభించినను, బీరున కా భాగ్యము పట్టలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టరు సంతకము చేసిన శాసనమువలననే, ఇద్దరు పెద్దలున్న కుటుంబము ఏటికి 200 గ్యాలనులవరకు సుంకము లేక కాచుకొను స్వేచ్ఛ కలిగినది. మిసిసిపీ, అలబామా రాష్ట్రములు మాత్రము 2013 దాక బిగిసి కూర్చుండినవి. ఈ బీరును అమ్మరాదు. అమ్మకము లేనిదానికి ధర లేదు. కావున తోడివాని నాలుకయే దానికి త్రాసు.

1985లో నేర్పడిన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామువారి పత్రమున 50 మార్కులలో రుచికి 20, వాసనకు 12, మొత్తముమీది యభిప్రాయమునకు 10, నోటి స్పర్శకు 5 కేటాయించి, కంటి కింపైన రంగునకును నురుగునకును కలిపి మూడే యిచ్చిరి. ఈ పిసినారితనము నాకు మిక్కిలి నచ్చినది. వాసన క్షణములలో నెగిరిపోవును గనుక, శుభ్రమైన గ్లాసులో వంచిన వెంటనే ముక్కు దగ్గరకు చేర్చవలయును. రంగును పిమ్మట తీరికగా చూచుకొనవచ్చును.

వెన్న వాసన వచ్చినదనుకొందము. అది డయాసిటైల్ అను పదార్థము. పులియునపుడు దానికి కారణమగు ఈస్టే, తుది దశలో దానిని మరల హరించును. తొందరపడి బీరును చల్లబరచినచో ఆ పని సగములో నిలిచిపోవును. “చివర రెండుమూడు దినములు కొంచెము వెచ్చగా నుంచి చూడుడు” అని చెప్పిన మిత్రుడు నిజముగా సాయపడినవాడు. వెన్నతోబాటు పులుపును తోచినచో బాక్టీరియా చేరియుండును. అప్పుడు గొట్టములను, పాత్రలను అనుమానింపవలయును. ఆసుపత్రి వాసన కుళాయినీటి క్లోరినువలనను, తడిసిన అట్టవంటి రుచి సీసాలలోనికి గాలి చొరబడుటవలనను కలుగుట కద్దు.

అయితే తీర్పునకు ముందు ఒక ప్రశ్న తప్పనిసరి: “మీరేమి చేయదలచితిరి?” జర్మను గోధుమబీరున అరటిపండు వాసన గుణము, పిల్స్‌నరులో నదియే దోషము. ఈ ప్రశ్న నడుగక దోషములెన్ను పండితులను నేను నమ్మను.

మనవైపు కల్లు రుచిచూచి పోతుతాడో పండుతాడో చెప్పగల పెద్దలకు ఈ విద్య క్రొత్తది కాదు. బీరు విషయమున మాత్రము, లైసెన్సు లేక కాచుట తెలుగు రాష్ట్రములు రెంటను ఎక్సైజు చట్టముక్రింద నేరము. కనుక పాఠకులు తమ నాలుకకు అమెరికాలోని బంధువుల గరాజులలోనే పని చెప్పవలయును.