గాయం మాన్పే కణమే కణితికి తోడు

వేలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాస్తుంది. ఈ వాపు శరీరం చేపట్టే రక్షణ చర్య. ఇందులో కీలకపాత్ర మాక్రోఫేజ్‌లనే భక్షక కణాలది. 1882లో ఇటలీలోని మెస్సినాలో జంతుశాస్త్రవేత్త ఇల్యా మెచ్నికాఫ్ పారదర్శకమైన నక్షత్రచేప డింభకాలకు గులాబీ ముళ్లు గుచ్చారు. మర్నాటికి సంచార కణాలు ఆ ముళ్ల చుట్టూ మూగి కనిపించాయి. రోగనిరోధక శక్తిపై చేసిన కృషికి ఆయన 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

గాయమైనప్పుడు రక్తంలోని మోనోసైట్ కణాలు కణజాలంలోకి చేరి మాక్రోఫేజ్‌లుగా మారతాయి. ఇవి మొదట సూక్ష్మక్రిములను, మృతకణాలను మింగివేస్తాయి. రసాయన సంకేతాలతో ఇతర రక్షక కణాలను రప్పిస్తాయి. ముప్పు తగ్గాక మరమ్మతుకు పూనుకుంటాయి. వీఈజీఎఫ్ వంటి ప్రోటీన్లను విడుదల చేసి కొత్త రక్తనాళాలు మొలిచేలా చేస్తాయి. గాయం మానగానే ఈ పని ఆగిపోతుంది.

కణితిలో మాత్రం అది ఆగదు. అందుకే అమెరికా శాస్త్రవేత్త హెరాల్డ్ డ్వోరక్ 1986లో కణితులను మానని గాయాలతో పోల్చారు. కొత్త రక్తనాళాలు లేనిదే కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరగడం కష్టమని 1971లో జుడా ఫోక్‌మన్ ప్రతిపాదించారు. కణితి పంపే సంకేతాలకు మోనోసైట్లు అక్కడికి చేరతాయి. ఆక్సిజన్ కొరవడిన ఆ చోట అవి మాక్రోఫేజ్‌లై, గాయాన్ని మాన్పుతున్నట్టే వీఈజీఎఫ్‌ను స్రవిస్తాయి. కణాల చుట్టూ ఉన్న అల్లికను కరిగించే ఎంజైములను వదిలి రక్తనాళాలకు దారి చేస్తాయి. అలా ఏర్పడిన నాళాలు వంకరగా, రక్తద్రవం కారిపోయేలా ఉంటాయి. వాటి ద్వారా క్యాన్సర్ కణాలు ఇతర అవయవాలకు పాకగలవు. మందులు మాత్రం కణితి అంతటా సమంగా చేరవు.

వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్ ఔషధానికి 2004లో అమెరికా అనుమతి లభించింది. అయితే ఒక దారి మూసినా, మాక్రోఫేజ్‌లు స్రవించే ఇతర పదార్థాల సాయంతో కణితి మరో దారి వెతుక్కోగలదు. అలాగని ఈ కణాలను పూర్తిగా తొలగిస్తే అంటురోగాలను ఎదుర్కొనే బలమే తగ్గుతుంది. అందుకే అవి కణితిలోకి చేరకుండా ఆపడం, చేరినవాటిని తిరిగి క్యాన్సర్‌పై పోరుకు మళ్లించడం అనే రెండు మార్గాల్లో పరిశోధనలు సాగుతున్నాయి.

ప్రతి వాపూ క్యాన్సర్‌కు దారితీయదు. ఏళ్ల తరబడి కొనసాగే వాపుతోనే ముప్పు. హెపటైటిస్-బి వల్ల కాలేయంలో జరిగేది ఇదే. దాన్ని నివారించే టీకా మన దేశ సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ఉంది.