బ్యాటరీ బండి కదలనప్పుడు

నడక భారమైన పెద్దలకు బ్యాటరీతో నడిచే చిన్న బండి దైవదర్శనాన్ని సుగమం చేస్తుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల నుండి ద్వారకా తిరుమలకు గాని, ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు గాని దానిని వెంట తెచ్చుకునే భక్తులున్నారు. అయితే కారులోంచి దింపిన తరువాత ఆ బండి కదలకపోతే కుటుంబమంతా కలవరపడుతుంది. మెకానిక్కును పిలిచేముందు కొన్ని విషయాలను పరీక్షించి చూడడం మంచిది. చాలా సందర్భాలలో బండి చెడిపోయి ఉండదు.

మొట్టమొదట చూడవలసినది వెనుక చక్రాల దగ్గర, మోటారు పక్కన ఉండే చిన్న మీట. బండిని చేతితో తోయడానికి ఈ మీటను తిప్పుతారు. కారులోకి ఎక్కించేటప్పుడు దీనిని తిప్పి, దింపిన తరువాత యథాస్థానానికి తేవడం మరచిపోతారు. మీట ఆ స్థితిలో ఉన్నంతసేపూ తాళం తిప్పినా మోటారు పనిచేయదు.

ఈ మీటను గురించి మరికొంత చెప్పవలసి ఉన్నది. సైకిలుకు బ్రేకు మనం పట్టుకుంటేనే పడుతుంది. ఈ బండికి అందుకు భిన్నంగా, విద్యుత్తు లేనప్పుడు స్ప్రింగు బలంతో బ్రేకు దానంతట అదే పడి ఉంటుంది; కదలడానికి పీడను నొక్కినప్పుడు విద్యుత్తు ఆ బ్రేకును విడిపిస్తుంది. అందుచేతనే వాలులో ఆగినా బండి జారదు. మీటను తిప్పితే ఆ బ్రేకు పూర్తిగా విడిపోతుంది. ద్వారకా తిరుమల వంటి కొండదారిలో, మనిషి కూర్చుని ఉండగా దానిని తిప్పితే బండిని ఆపగలిగేది ఏదీ ఉండదు. కనుక సమతలంలో, బండిపై ఎవరూ లేనప్పుడు మాత్రమే ఆ మీటను ముట్టుకోవాలి. తోయడానికి సాయం వచ్చే తోటి భక్తులకు కూడా ఈ మాట ముందే చెప్పాలి.

మీట సరిగానే ఉంటే ఛార్జరు తీగ ఇంకా తగిలించి ఉన్నదేమో చూడండి. ఛార్జింగులో ఉన్న బండి కదలకుండా తయారీదారులే ఏర్పాటు చేస్తారు. పీడను నొక్కి పట్టుకుని తాళం తిప్పినా చాలా బండ్లు కదలవు. తాళం తీసి, చేయి వదిలి, మళ్ళీ తిప్పాలి. ఎత్తు ఎక్కుతూ ఆగిపోయిన బండికి సీటు కింద గాని, వెనుక గాని ఒక చిన్న బొత్తాము బయటకు వచ్చి ఉండవచ్చు. మోటారుపై భారం మితిమీరితే విద్యుత్తును ఆపే రక్షణ అది. కొద్ది నిమిషాలు ఆగి లోపలికి నొక్కితే సరిపోతుంది. మళ్ళీ వెంటనే బయటకు వస్తే ఇక నొక్కకండి; తీగ ముక్కతో కలిపి నడిపే ప్రయత్నం అసలే చేయకండి. అది నిప్పుకు దారి తీస్తుంది.

కొన్ని బండ్లలో లోపం ఉన్నప్పుడు దీపం మిణుకుమిణుకుమంటుంది. ఎన్నిసార్లు వెలిగి ఆగుతున్నదో లెక్కపెట్టి రాసుకోండి. దాని అర్థం ఒక్కో బండికి ఒక్కో విధంగా ఉంటుంది, బండితో ఇచ్చిన పుస్తకంలో దొరుకుతుంది. ఆ సంఖ్య ఫోనులో చెబితే మరమ్మతు చేసేవారికి సగం పని తగ్గుతుంది.

కొల్లేటి ప్రాంతానికి వచ్చేవారికి మరొక జాగ్రత్త. 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరుల నీరు చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతుంది. వానాకాలంలో ఇక్కడి పల్లపు దారులపై నీరు నిలుస్తుంది. బండి మోటారు, బ్రేకు నేలకు దగ్గరగా ఉంటాయి కనుక నిలిచిన నీటిలో నడపరాదు. బురద అంటితే గొట్టంతో కడగక తడిగుడ్డతో తుడవాలి. తేమకు బ్యాటరీ కొసలపై తెల్లగా, పచ్చగా పొక్కులు కడితే విద్యుత్తు సరిగా అందదు. వాటిని శుభ్రం చేయించి బిగింపచేయాలి.

ఇక బ్యాటరీ. సాధారణంగా 12 వోల్టులవి రెండింటిని వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. సీసపు బ్యాటరీలు నిండుగా ఉండి, కొంతసేపు విశ్రాంతి తీసుకున్నప్పుడు మీటరు 25 వోల్టులకు పైగా చూపాలి. నిలిచి ఉన్నప్పుడు నిండుగా చూపి, కదలగానే ముల్లు ఎర్రగీతకు పడిపోతున్నదంటే బ్యాటరీలు అరిగినట్లే. యాత్రకు ముందు రాత్రంతా ఛార్జి పెట్టండి. లిథియం బ్యాటరీ అయితే దానికి ఇచ్చిన ఛార్జరునే వాడాలి.

దాతలకు ఒక మనవి. కాన్పూరులోని అలిమ్కో సంస్థ తయారుచేసే మోటారు ట్రైసైకిళ్లు అడిప్ పథకం కింద దివ్యాంగులకు అందుతున్నాయి. ఆ మార్గంలోనే బండిని సమర్పించదలచిన పుణ్యాత్ములు బండితోపాటు దాని పోషణను కూడా తలచవలెనని మా అభిప్రాయం. సీసపు బ్యాటరీని ఛార్జి లేకుండా నెలల తరబడి మూల పెడితే లోపలి పలకలపై గట్టి పొర పేరుకుని అది తిరిగి కోలుకోదు. ఉత్సవానికి ఉత్సవానికి మధ్య నెలకొకసారైనా ఛార్జి పెట్టే బాధ్యతను ఒకరికి అప్పగించండి. బండి పుస్తకం, రెండవ తాళంచెవి కార్యాలయంలో ఉంచండి. కొన్నేళ్ళకు బ్యాటరీలు మార్చవలసి వచ్చినప్పుడు రెండింటినీ ఒకేసారి మార్చాలి. కొత్తదానిని పాతదానితో కలిపితే కొత్తది కూడా త్వరగా పాడవుతుంది.