పచ్చబొట్టు పచ్చిపుండే!

పచ్చబొట్టు పొడిపించుకోవడం మంచిదా, చెడ్డదా అన్న చర్చ ఈ వ్యాసంలో లేదు. ఆ చర్చ మన ఇళ్ళల్లో కావలసినంత జరుగుతూనే ఉంది. పొడిపించుకున్న తరువాత ఆ చర్మాన్ని ఎలా చూసుకోవాలన్నదే ఇక్కడి విషయం. నేను మైక్రోబయాలజీ చదువుతున్నాను. అంతమాత్రానికే మా హాస్టల్లో రెండేళ్ళుగా ఎవరు టాటూ వేయించుకొచ్చినా "అక్కా, ఇది ఇంత ఎర్రగా ఉండొచ్చా?" అంటూ నా గది తలుపే తడుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా అందరికీ ఒక్కసారే చెప్పేస్తే పోతుంది కదా అని ఈ ప్రయత్నం.

అసలు జరిగేదేమిటో ముందు చూద్దాం. మన చర్మానికి పలుచని పైపొర ఒకటి, దాని కింద మందమైన లోపొర ఒకటి ఉంటాయి. పైపొర ఎప్పటికప్పుడు రాలిపోతూ కొన్ని వారాల్లో కొత్తదైపోతుంది. సిరా అక్కడే ఆగితే బొమ్మ కూడా దాంతోపాటే రాలిపోతుంది. అందుకని సూది ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగి లోపొరలో సిరా వదులుతుంది. శరీరం ఊరుకుంటుందా? పరాయి పదార్థం వచ్చిందని మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు పరుగెత్తుకొచ్చి దాన్ని మింగుతాయి. మింగగలవే గాని అరిగించుకోలేవు! ఆ కణం చచ్చిపోయి రంగును వదిలేస్తే పక్కన పుట్టిన మరో కణం దాన్ని మళ్ళీ మింగుతుందని 2018లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఎలుకల మీద చూపించారు. జీవితాంతం చెరగని పచ్చబొట్టు వెనుక రహస్యం ఈ చేతులు మార్చుకోవడమేనన్నమాట.

ఇంకో ముచ్చట. మా అమ్మమ్మ ముంజేతి మీది తేలుబొమ్మను పొడిచింది నల్లటి దీపపు మసితో. కాని చూడ్డానికి పచ్చగా, నీలంగా ఉంటుంది. చర్మం గుండా వచ్చే వెలుతురు చెదరడంవల్ల లోపలి నలుపు మనకలా కనిపిస్తుంది. "నల్లబొట్టు" అనకుండా "పచ్చబొట్టు" అన్న మనవాళ్ళ చూపు ఎంత నిశితమో!

ఆ రోజుల్లో ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి చేతిసూదులతో నాలుగు చుక్కలో, ఒక చిన్న బొమ్మో పొడిచేవారు. 1891లో న్యూయార్కులో శామ్యూల్ ఓరైలీ అనే ఆయన విద్యుత్తుతో నడిచే యంత్రానికి పేటెంటు తీసుకున్నాక ఈ పని స్వరూపమే మారిపోయింది. ఇప్పటి యంత్రం నిమిషానికి వేల పోట్లు పొడవగలదు. అరచెయ్యంత బొమ్మ అంటే అరచెయ్యంత పచ్చిపుండు అన్నమాట. కాలికి దెబ్బ తగిలితే కుంటుకుంటూ డిస్పెన్సరీకి పోతాం. ఈ పుండుని మాత్రం ఫోటో తీసి నలుగురికీ చూపించి మర్చిపోతాం.

సంరక్షణ పెద్ద బ్రహ్మవిద్య కాదు. వేసినవాళ్ళు కట్టిన పొర ఎప్పుడు తీయాలో వాళ్ళనే అడిగి తెలుసుకోవాలి. ఒకరకం పొర కొన్ని గంటలకే తీసెయ్యాలి, ఇంకోరకం కొన్ని రోజులు ఉంచవచ్చు. తీసేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. అందరూ మరిచేది ఇదే! తరువాత వాసన లేని మెత్తటి సబ్బుతో, శుభ్రమైన నీళ్ళతో వేళ్ళతోనే కడగాలి. పీచు, స్పాంజి పనికిరావు. రుద్దకుండా శుభ్రమైన బట్టతో అద్ది, ఆరాక వాసన లేని మాయిశ్చరైజరు గాని, పెట్రోలియం జెల్లీ గాని పలుచగా రాయాలి. పలుచగా అంటే నిజంగానే పలుచగా! దోసెకి నూనె పోసినట్టు పోస్తే చర్మం నాని మెత్తబడిపోతుంది. రోజుకు రెండు మూడుసార్లు ఇలా చేస్తే చాలు. ఇది ముఖ్యంగా మన ఎండాకాలం, ఉక్కపోత, పదిమంది వాడే తువ్వాలు, నెలకోసారి ఉతికే దుప్పటి ఉన్న హాస్టలు జీవితానికి చెబుతున్న మాట. ఆ రెండు మూడు వారాలైనా దుప్పటి వారానికోసారి ఉతకండి బాబూ.

వంటింటి పసుపు, వేపాకు ముద్ద వద్దు. అమ్మమ్మ మీద గౌరవం లేక కాదు, డబ్బాలోని పసుపులో సూక్ష్మజీవులు లేవని ఎవరు చెప్పగలరు? మందుల షాపులో అడిగి తెచ్చే స్టెరాయిడు కలిసిన క్రీములు అంతకన్నా ప్రమాదం. పైకి ఎరుపు తగ్గించి లోపల సూక్ష్మజీవికి దారి ఇస్తాయి.

నాలుగైదు రోజులకి దురద, ఆ వెనకే పొట్టు. రంగురంగుల పొట్టు రాలుతుంటే బొమ్మే పోతోందని కంగారు పడనక్కరలేదు. రాలేది పైపొర మాత్రమే. కొన్నాళ్ళు బొమ్మ మసకగా కూడా ఉంటుంది. గోళ్ళతో గీరితే మాత్రం పెచ్చుతోపాటు రంగూ లేస్తుంది.

విశాఖలో చదువుకునే మనం తప్పక తెలుసుకోవలసింది సముద్రం సంగతి. పుండు పూర్తిగా మానేదాకా సముద్రస్నానం, ఈతకొలను, చెరువు, అన్నీ బంద్. అమెరికాలో అయిదు రోజుల టాటూతో మెక్సికో సింధుశాఖలో ఈదిన 31 ఏళ్ళ మనిషికి విబ్రియో వల్నిఫికస్ అనే బాక్టీరియా సోకి, రెండు నెలలు ఆస్పత్రిలో ఉన్నా బతకలేదని 2017లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. అతనికి అంతకుముందే కాలేయ వ్యాధి ఉంది, నిజమే. ఉందో లేదో మనలో ఎంతమందిమి పరీక్ష చేయించుకున్నాం?

ఇక నన్ను ఈ వ్యాసం రాయించిన సంగతి. మా జూనియర్ ఒకమ్మాయి, చనిపోయిన వాళ్ళ నాన్నగారి సంతకాన్ని ముంజేతి మీద వేయించుకుంది. ఆయన బాంకు పాస్‌బుక్కులో పెట్టిన సంతకాన్ని అచ్చుగుద్దినట్టు దించారు. ఇంట్లో తెలిస్తే వాళ్ళమ్మ బాధపడుతుందని మే నెల ఎండలో నిండుచేతుల జాకెట్టు, దానిమీద దుపట్టా! చెమటకి నాని, బట్ట ఒరుసుకుని, నాలుగో రోజుకి చీము పట్టింది. సెలవలకి ఇంటికి వెళ్ళిందేమో, అక్కడ ఎవరికీ చూపలేదు. జ్వరంతో తిరిగొచ్చినప్పుడు ఎరుపు మోచేయి దాటింది. ఆ రాత్రే ఆస్పత్రిలో చేర్చాం. చెయ్యి దక్కింది. సంతకంలో చివరి రెండక్షరాలు మాత్రం మచ్చలో కలిసిపోయాయి. వాళ్ళమ్మ వచ్చి ఆ చెయ్యి చూసి "నాతో ఒక్కమాట చెబితే నేనే కడిగేదాన్ని కదే" అంది. అప్పటినుంచి నా దగ్గరకొచ్చే వాళ్ళందరినీ మొదట అడిగేది, "ఇంట్లో తెలుసా?" అని. తెలియకపోతే కనీసం గదిలో ఒక్కరికైనా రోజూ చూపించమంటున్నాను.

ఆ ఒక్కరు చూడవలసినవి ఇవి. మామూలు నొప్పి, ఎరుపు రోజురోజుకీ తగ్గాలి. తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరిగినా, ఎరుపు గీత దాటి పాకినా, చీము, జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కొన్ని వారాలయ్యాక లేచే మొండి పొక్కుల్ని కూడా తేలిగ్గా తీసుకోకూడదు. 2011 చివర్లో న్యూయార్క్ రాష్ట్రం రాచెస్టరులో 19 మందికి అలాంటివే వచ్చాయి. వేసినవాడు తప్పేమీ చేయలేదు. ముందే పలుచన చేసి అమ్మిన సిరాలోనే మైకోబాక్టీరియం చెలోనే ఉంది. అందుచేత సిరా నీళ్ళతో కలుపుతున్నారా, సూది కొత్తదేనా అని అడగడానికి మొహమాటపడకండి. హెపటైటిస్ బి, సి, హెచ్.ఐ.వి. మూడూ సూదిద్వారా రాగలవు. బి రకానికి టీకా ఉంది, ముందే వేయించుకోవచ్చు.

సైన్యంలో చేరదలచిన మిత్రులకు మరో మాట. శాశ్వతమైన బొమ్మలను మోచేతినుంచి మణికట్టుదాకా ముంజేతి లోపలివైపు, అరచేతి వెనుకవైపు మాత్రమే అనుమతిస్తారు. గిరిజన ఆచారాలకు మినహాయింపు ఉంది.

రక్తదానం చేసేవారు టాటూ వేయించుకున్న తేదీ ఎక్కడైనా రాసి పెట్టుకోండి. మన దేశపు నిబంధనల ప్రకారం ఆ తేదీనుంచి 12 నెలలు రక్తం ఇవ్వకూడదు. ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో "పోయినేడు ఎప్పుడో" అని చెబితే వాళ్ళు తిప్పి పంపేస్తారు.